కారు బ్యాటరీ ఇంకా పనికొస్తుందో లేదో తేల్చుకున్న క్రమం: నా అనుభవం

నాలుగేళ్ళు దాటిన మా కారు బ్యాటరీని మార్చాలా, మరికొంత కాలం నమ్ముకోవచ్చా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు తేలడానికి నాకు వారం పైనే పట్టింది. ఆ వారంలో అదే బ్యాటరీ ఒక పరీక్షలో బాగుందనీ, మరొక పరీక్షలో పనికిరాదనీ తేలింది. బ్యాటరీలో ప్రస్తుతం ఎంత ఛార్జు ఉందన్నది ఒక సంగతి, ఇంజనును తిప్పగల సత్తువ దానికి ఎంత మిగిలిందన్నది వేరే సంగతి. మామూలుగా ఇంట్లో చేసే పరీక్ష మొదటిదాన్ని మాత్రమే చెబుతుంది. ఈ తేడా తెలియక మంచి బ్యాటరీని పారేసేవారూ ఉన్నారు, చెడిన బ్యాటరీని నమ్మి దారిలో నిలిచిపోయేవారూ ఉన్నారు కనుక, జరిగినది జరిగిన వరుసలో రాస్తున్నాను.

జనవరి మొదటి వారం నుంచి ఉదయం పూట సెల్ఫ్ కొట్టగానే ఇంజను అందుకోవడం మానేసింది. రెండు మూడు చుట్లు బరువుగా తిరిగి, ఆ తర్వాత స్టార్టయ్యేది. కాస్త దూరం తిరిగి వచ్చాక మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏ ఇబ్బందీ ఉండేది కాదు. నాన్నగారిని వారంలో మూడు రోజులు తెల్లవారుజామునే డయాలసిస్‌కు తీసుకువెళ్ళాలి. ఆ వేళప్పుడు కారు కదలకపోతే ఎలా అన్న దిగులు నాకు నిద్రలో కూడా వదిలేది కాదు. బ్యాటరీ మూత మీద ఉండే చిన్న గాజు కన్ను మాత్రం ఆకుపచ్చగానే కనిపించేది. అది చూసి ఒకరు బ్యాటరీకి ఏమీ కాలేదన్నారు, నాలుగేళ్ళయిందంటే మార్చేయడమే మంచిదని మరొకరన్నారు. బ్యాటరీ లోపల సెల్ అనే చిన్న అరలు ఆరు వరుసగా కలిపి ఉంటాయి. ఆ కన్ను ఆ ఆరు సెల్‌లలో ఒక్కదాని లోపలి ద్రవం సాంద్రతను మాత్రమే చూపిస్తుంది. మిగిలిన అయిదింటి సంగతి దానికి తెలియదు. కనుక ఇద్దరి మాటనూ పక్కన పెట్టి, కొలిచి తేల్చుకుందామని ఒక డిజిటల్ మల్టీమీటర్ తెచ్చుకున్నాను. దాని ఖర్చు కొత్త బ్యాటరీ ఖర్చులో చిన్న భాగమే.

శుక్రవారం సాయంత్రం కారు నిలిపిన వెంటనే కొలిస్తే మీటర్ 12.9 వోల్టులు చూపింది. పూర్తిగా ఛార్జయి, కాసేపు విశ్రాంతిగా ఉన్న మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 లేదా 12.7 మాత్రమే చూపాలి. అంతకన్నా ఎక్కువ కనిపించిందంటే, అప్పటిదాకా ఆల్టర్నేటర్ (ఇంజను తిరుగుతుండగా బ్యాటరీని ఛార్జ్ చేసే యంత్రం) ఎక్కించిన ఛార్జు బ్యాటరీ లోపలి సీసపు పలకల పైపైన నిలిచి ఉందని అర్థం. అది దిగేదాకా ఏ అంకెనూ నమ్మకూడదు. తొందరగా ఉంటే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వెలిగించి ఆర్పి, కొన్ని నిమిషాలు ఆగి కొలవవచ్చునట. నేను రాత్రంతా ఆగడానికే నిశ్చయించుకున్నాను. ఇక్కడ ఒక చిన్న విషయం ఎవరూ ముందుగా చెప్పరు. ఉదయం బానెట్ తెరవడానికని డోర్ తీస్తే లోపలి లైట్లు వెలుగుతాయి, కంప్యూటర్ యూనిట్లు నిద్ర లేస్తాయి, బ్యాటరీ మీద కొన్ని ఆంపియర్ల బరువు పడుతుంది, దాంతో రీడింగ్ తగ్గిపోతుంది. అందుకని రాత్రే బానెట్ లాక్ విడిపించి, పైకెత్తకుండా వదిలేశాను.

శనివారం ఉదయం ఏడు గంటలకు మీటర్ 12.28 అంది. విశ్రాంతిగా ఉన్న బ్యాటరీలో 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ముప్పాతిక వంతు, 12.2 అయితే సగం, 12.0 అయితే పాతిక వంతు ఉన్నట్టు లెక్క. ఆ ప్రకారం మా బ్యాటరీ సగానికి కాస్త పైన ఉంది. ఆ అంకె చూసి నా గుండె జారింది కానీ, నిజానికి అది తీర్పు కాదు. తక్కువ దూరాలు తిరిగే కారులో మంచి బ్యాటరీ అయినా సగం ఛార్జుకు దిగిపోతుంది. సగం ఛార్జులో ఉన్న బ్యాటరీ మీద సత్తువ పరీక్ష చేస్తే ఫలితం దానికి అన్యాయంగానే వస్తుంది.

ఛార్జింగ్ పెట్టే ముందు టెర్మినళ్ళను, అంటే బ్యాటరీకి తీగలు బిగించే చోట్లను, చూశాను. ప్లస్ క్లాంప్ అడుగున తెల్లటి పొడి, అక్కడక్కడ పచ్చగా, గడ్డకట్టి ఉంది. మీటర్ తీగల్లో ఒకటి బ్యాటరీ సీసపు స్తంభం నడినెత్తిన, రెండోది దాన్ని పట్టుకున్న క్లాంప్ మీద ఆనించి, తమ్ముణ్ణి సెల్ఫ్ కొట్టమన్నాను. రెండూ కలిసే ఉన్నాయి కనుక వాటి మధ్య దాదాపు సున్నా రావాలి. వచ్చినది 0.4 వోల్టు. ఇంజను తిప్పడానికి వెళ్ళవలసిన శక్తిలో కొంత ఆ పొడి దగ్గరే వేడిగా పోతోందన్నమాట. ముందు మైనస్, తర్వాత ప్లస్ విప్పాను. ఈ వరుస తప్పకూడదు. మైనస్ బిగించి ఉండగా ప్లస్ విప్పితే, స్పానర్ కారు బాడీకి తగిలిన క్షణంలో పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. వంటసోడా కలిపిన నీళ్ళు పోస్తే పొడి బుసబుస పొంగి కరిగిపోయింది. అది సెల్ మూతల లోపలికి పోకుండా చూసుకోవాలి. స్తంభాలనూ క్లాంపులనూ వైరు బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, ఈసారి ప్లస్ ముందు, మైనస్ తర్వాత బిగించి మళ్ళీ కొలిస్తే 0.03 మాత్రమే వచ్చింది. రోగం ఇదేనేమో, బ్యాటరీకి ఏమీ కాలేదేమో అని ఆ పూట చాలా ఆశపడ్డాను.

మాది 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో నిదానంగా ఛార్జ్ చేయడం దానికి మంచిది కనుక, 4 ఆంపియర్ల ఛార్జర్ ఒకటి తెలిసినవారి దగ్గర తీసుకున్నాను. సెల్ మూతలు విప్పి చూస్తే ద్రవం పలకల పైఅంచుకు కాస్త పైనే ఉంది, నీళ్ళు పోయవలసిన అవసరం రాలేదు. పలకలు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంతవరకే డిస్టిల్డ్ వాటర్ పోసి, ఛార్జయ్యాక మిగతాది గీత వరకు నింపాలి. ఛార్జవుతూ ద్రవం ఉబ్బుతుంది కనుక ముందే నింపితే ఆసిడ్ పొంగి బయటికి వస్తుంది. ఛార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది, అది నిప్పురవ్వకు పేలుతుంది. అందుకే గాలి ఆడే చోట పెట్టి, క్లిప్పులు తగిలించాకే ఛార్జర్ స్విచ్ వేశాను, తీసేటప్పుడు స్విచ్ ఆపాకే క్లిప్పులు తీశాను.

ఉదయం తొమ్మిదింటికి మొదలుపెడితే మధ్యాహ్నానికి అయిపోతుందనుకున్నాను. సగం ఖాళీని 4 ఆంపియర్లతో నింపడానికి లెక్క ప్రకారం ఆరు గంటలు చాలు. కానీ నిండే కొద్దీ బ్యాటరీ కరెంటును తక్కువగా తీసుకుంటుంది, చివరి అయిదో వంతుకే మొదటి భాగానికి పట్టినంత సమయం పడుతుంది. ఛార్జర్ మీద పచ్చ లైటు రాత్రి పదింటికి గానీ వెలగలేదు. మధ్యాహ్నమే తీసేసి ఉంటే ఆ తర్వాతి పరీక్షలన్నీ వృథా అయ్యేవి. ఓపిక పట్టలేనివారు ఈ పని సెలవు రోజున పెట్టుకోవడం మంచిది.

ఛార్జర్ తీసి, మైనస్ తీగ తగిలించకుండా మరో రాత్రి వదిలేశాను. ఆదివారం ఉదయం మీటర్ 12.55 చూపింది. ముందు చెప్పిన లెక్క ప్రకారం ఇంచుమించు నిండినట్టే. చాలామంది ఇక్కడితో ఆగి బ్యాటరీ బాగుందని అనుకుంటారు. ఇంట్లో అందరూ అదే అన్నారు, నాకూ అలాగే అనుకోవాలనిపించింది. అయితే 13 గంటలు ఛార్జయిన బ్యాటరీ 12.6 దాటకపోవడం ఎందుకన్న అనుమానం మనసులో మిగిలిపోయింది.

ఆ తర్వాతది సెల్ఫ్ పరీక్ష. ఇంజను వెంటనే స్టార్టయితే కొలవడానికి వ్యవధి ఉండదు కనుక, ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసేసి, ఇంజను తిరుగుతుంది గానీ స్టార్టవదు అన్న స్థితి తెచ్చుకున్నాను. మామూలు మీటర్ అంకెలు నిదానంగా మారుతాయి, పడిపోయిన కనిష్ఠ విలువ కంటికి చిక్కదు. కనిష్ఠాన్ని పట్టి ఉంచే బటన్ ఉన్న మీటర్ అయితేనే ఈ పరీక్షకు పనికివస్తుంది. తమ్ముడు అయిదారు సెకన్లు సెల్ఫ్ కొట్టాడు. ఈ పరీక్షకు అందరూ చెప్పుకునే హద్దు 9.6 వోల్టులు. బ్యాటరీ మీద రాసిన క్రాంకింగ్ ఆంపియర్లలో, అంటే చలిలో ఇంజను తిప్పడానికి అది ఇవ్వగల కరెంటులో, సగం బరువును 15 సెకన్లు మోపినప్పుడు, దాదాపు 21 డిగ్రీల వేడిలో, వోల్టేజీ దానికన్నా కిందికి పోకూడదన్న నియమం నుంచి వచ్చిన అంకె అది. మంచి బ్యాటరీ సెల్ఫ్ కొట్టినప్పుడు సాధారణంగా 10 పైనే నిలబడుతుంది. మాది 9.3కు పడిపోయింది, అదీ నిండా ఛార్జయిన మర్నాడు. తమ్ముడు అంకె చూసి ఇంకోసారి కొడదామన్నాడు. కాసేపు ఆగి కొడితే 9.2 వచ్చింది. అయితే ఇంజను బిగుసుకున్నా, స్టార్టర్ మోటారు పాతబడినా కూడా ఇలాగే పడుతుంది కనుక, నేరం బ్యాటరీదేనని అప్పుడే తీర్మానించలేదు.

సోమవారం నాన్నగారిని చికిత్సకు దింపి, ఆ వ్యవధిలో ఎలక్ట్రానిక్ టెస్టర్ ఉన్న ఒక చోటికి వెళ్ళాను. ఈ టెస్టర్లు పెద్ద బరువేమీ మోపకుండా, బ్యాటరీ లోపలి నిరోధాన్ని కొలిచి, దాని నుంచి క్రాంకింగ్ ఆంపియర్లను అంచనా వేస్తాయి. పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. అక్కడి యువకుడు క్లిప్పులు తగిలించి బటన్ నొక్కగానే తెర మీద బ్యాటరీ బాగుందని వచ్చింది. నాకు సంతోషం కలగకపోగా దిగులు పెరిగింది, ఎందుకంటే నా మీటర్ చెప్పినదానికీ దీనికీ పొంతన లేదు. తెరను మళ్ళీ చూపించమని అడిగితే కారణం దొరికింది. అంతకుముందు పరీక్షించిన ఏదో చిన్న బ్యాటరీ తాలూకు 250 ఆంపియర్ల అంకె టెస్టర్‌లో అలాగే ఉండిపోయింది. మా బ్యాటరీ స్టిక్కర్ మీద ఉన్నది 360. ఆ యువకుడు అంకె సరిచేసి మళ్ళీ కొలిచాడు. కొలతలో వచ్చిన విలువ అప్పుడూ ఇప్పుడూ ఒకటే, 235. 250తో పోల్చితే అది బాగున్నట్టు, 360తో పోల్చితే మూడింట రెండు వంతులు కూడా లేనట్టు. ఈసారి తెర మీద మార్చమని వచ్చింది.

టెస్టర్ చేత పరీక్షించుకునేవారందరినీ నేను గట్టిగా కోరేది ఈ ఒక్క విషయమే. ఫలితం చూసే ముందు అందులో పెట్టిన అంకె చూడండి, ఆ అంకె ఏ ప్రమాణానికి చెందినదో కూడా చూడండి. స్టిక్కర్ మీద అంకె పక్కన ఎస్.ఎ.ఇ. అనో, ఇ.ఎన్. (యూరప్ ప్రమాణం) అనో, డి.ఐ.ఎన్. (జర్మనీ ప్రమాణం) అనో రాసి ఉంటుంది. అమెరికా ప్రమాణమైన ఎస్.ఎ.ఇ. ప్రకారం అది మైనస్ 18 డిగ్రీల చలిలో 30 సెకన్లపాటు, 7.2 వోల్టుల కన్నా తగ్గకుండా బ్యాటరీ ఇవ్వగల కరెంటు. మిగిలిన ప్రమాణాల్లో షరతులు వేరు కనుక ఒకే బ్యాటరీకి ఒక్కోదానిలో ఒక్కో అంకె వస్తుంది. బ్యాటరీ మామూలు రకమా, ద్రవం గాజు పీచు పొరల్లో ఇంకి ఉండే ఎ.జి.ఎం. రకమా అన్నది కూడా టెస్టర్‌కు సరిగా చెప్పాలి.

ఇంత చూశాక కూడా, 12.55 వోల్టులు చూపే బ్యాటరీ ఎందుకు చతికిలబడుతోందో నాకు అర్థం కాలేదు. ఆ కారణం ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్ చెప్పింది. సీల్ చేసిన బ్యాటరీలకు ఈ పరీక్ష కుదరదు, మాదానికి మూతలు విప్పే వీలుంది. మంగళవారం చేతికి తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని ఒక్కో సెల్ నుంచి ద్రవాన్ని పైకి లాగి, తేలే గొట్టం మీద గీత చూసి, తిరిగి అదే సెల్‌లోకి వదిలాను. నిండా ఛార్జయిన సెల్‌లో ద్రవం సాపేక్ష సాంద్రత దాదాపు 1.265 ఉండాలి, సగం ఛార్జుకు 1.190 దగ్గరకు దిగుతుంది. ఆరింటిలో అయిదు సెల్‌లు 1.260 చూపాయి. ప్లస్ వైపు నుంచి నాలుగోది 1.190 చూపింది. రీడింగ్ తప్పుగా తీశానేమోనని మరోసారి తీసినా అంతే. సెల్‌ల మధ్య తేడా 0.050 దాటితే తక్కువ ఉన్న సెల్ చెడినట్టే లెక్క. మా బ్యాటరీలో వచ్చిన తేడా 0.070.

అప్పుడు కాగితం మీద లెక్క వేసి చూసుకున్నాను. ఒక సెల్ సాంద్రతకు 0.84 కలిపితే దాని వోల్టేజీ సుమారుగా వస్తుంది. బాగున్న అయిదు సెల్‌లకు తలా 2.10 చొప్పున 10.50, బలహీనమైనదానికి 2.03, మొత్తం 12.53. మీటర్ చూపిన 12.55 సరిగ్గా దీని పక్కనే ఉంది. ఆరుగురు మోసే పల్లకీలో ఒకడి భుజం జారినా దూరం నుంచి పల్లకీ నిటారుగానే కనిపించినట్టు, ఆరు సెల్‌ల మొత్తంలో ఒక సెల్ లోపం వోల్టులో వందో వంతులుగా మాత్రమే తేలి, కంటికి ఆనకుండా పోతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు మాత్రం వందల ఆంపియర్లు ఆరింటిలోంచీ వరుసగా పోవాలి కనుక, ఆ ఒక్క సెల్ అందరినీ ఆపేస్తుంది. గాజు కన్ను ఎందుకు ఆకుపచ్చగా ఉందో కూడా తెలిసింది, అది రెండో సెల్‌లో ఉంది. కారణం ఇలా కళ్ళ ముందు కనబడ్డాక, వారం రోజుల దిగులు ఒక్కసారిగా తగ్గింది.

ఆ సెల్‌కు ఇంకొక అవకాశం ఇచ్చి చూద్దామని బ్యాటరీని మళ్ళీ పచ్చ లైటు వచ్చేదాకా ఛార్జ్ చేసి, తీగలు విప్పి గురువారం వరకు ఊరికే ఉంచాను. అయిదు సెల్‌లు ఉన్నచోటే ఉన్నాయి, నాలుగోది 1.160కి దిగింది. ఏ బరువూ లేకుండానే లోపల ఛార్జు కారిపోతోంది కనుక ఇక సందేహానికి తావు లేదు. ఛార్జు తగ్గిన స్థితిలో చాలాకాలం ఉంచిన బ్యాటరీ పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి తిరిగి కరగకపోవడం ఒక కారణం, పలకల మధ్య పొర దెబ్బతినడమో, రాలిన పొడి అడుగున చేరి పలకలను కలిపేయడమో మరో కారణం. వీటిలో ఏదైనా మూత తీసి బాగుచేసేది కాదు.

కొత్తది పెట్టే ముందు మరో రెండు కొలతలు అవసరమనిపించింది. పాతదాన్ని కారే పాడుచేసి ఉంటే కొత్తదానికీ అదే గతి పడుతుంది. మొదటిది ఆల్టర్నేటర్. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14.3 వోల్టులు, హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక అద్దం హీటర్ అన్నీ వేస్తే 13.9 వచ్చాయి. 13.8 నుంచి 14.7 మధ్య ఉంటే చింత లేదు. కొత్త తరహా కార్లలో కంప్యూటరే ఛార్జింగ్‌ను పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది కనుక, వాటిలో ఈ అంకె ఒక్కొక్కప్పుడు ఇంకా తక్కువగా కనబడినా లోపమనుకోనక్కరలేదు.

రెండోది, కారు నిలిపి ఉన్నప్పుడు తాగే కరెంటు. మైనస్ తీగ విప్పి, ఆ తీగకూ స్తంభానికీ మధ్య మీటర్‌ను 10 ఆంపియర్ల రంధ్రంలో తీగ పెట్టి కలిపాను. మొదట 1.9 ఆంపియర్లు చూపేసరికి దొంగ దొరికాడనుకున్నాను. అది దొంగ కాదు, తీగ మళ్ళీ తగిలించగానే మేలుకున్న కంప్యూటర్ యూనిట్లు. డోర్లు మూసి, తాళం చెవిని దూరంగా పెట్టి అరగంటకు పైగా కదలకుండా కూర్చుంటే, అంకె మెట్లు దిగినట్టు తగ్గుతూ 0.035 దగ్గర నిలిచింది. 0.05 లోపల ఉంటే మామూలే. ఈ కొలతలో మీటర్ తగిలించి ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు, మీటర్ ఫ్యూజు ఆ క్షణమే పోతుంది. కారు తప్పేమీ లేదని తేలడం నాకు ఎంతో ఊరట.

శనివారం కొత్త బ్యాటరీ పెట్టించాను. ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద ఖర్చు అదొక్కటే, పాతదానిలోని సీసం తిరిగి వాడకానికి వెళ్తుంది కనుక దాన్ని అక్కడే ఇచ్చేస్తే కొంత తగ్గించారు. తీసుకునే ముందు తయారీ తేదీ కోడ్ చదివించుకున్నాను. నెలల తరబడి అరలో ఛార్జు లేకుండా పడివున్నది కొత్తదే అయినా కొత్తది కాదు. అందుకే అక్కడికక్కడే మీటర్ పెట్టి 12.68 చూశాకే ఒప్పుకున్నాను. బిగించాక కిటికీ అద్దాలు ఒక్క నొక్కుతో పైకి పోవడం మానేశాయి. ఒక్కో అద్దాన్ని పూర్తిగా పైకెత్తి బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచితే మళ్ళీ నేర్చుకున్నాయి. గడియారం సరిచేయవలసి వచ్చింది, ఇంజను మొదటి రోజు ఐడిలింగ్‌లో కాస్త తడబడి తర్వాత కుదుటపడింది. సిగ్నల్ దగ్గర ఇంజను తనంతట ఆగే రకం కార్లలో అయితే చాలావాటికి కొత్త బ్యాటరీ పెట్టిన సంగతిని కంప్యూటర్‌కు నమోదు చేయించాలి. దాని రుసుము కూడా ముందే అడిగి తెలుసుకోవాలి.

మర్నాడు ఉదయం ఫ్యూజు తీసి అదే సెల్ఫ్ పరీక్ష చేస్తే కనిష్ఠం 10.7 దగ్గర ఆగింది. ఇంజనుకూ స్టార్టర్‌కూ ఏ లోపమూ లేదని దాంతో ఖాయమైంది. ఆ 10.7నూ, కొన్న చోట కొలిచిన 12.68నూ, టెస్టర్ చూపిన ఆంపియర్లనూ తేదీతో సహా కారు పుస్తకంలో రాసిపెట్టాను. మూడు నెలలకొకసారి ఇదే వేళకు, ఇదే తీరున కొలిచి, వాటి కింద రాయదలుచుకున్నాను.